మిల్లు ఆపమని అడగని ఏడాది

ముప్పై ఏళ్ళకు పైగా ఎక్స్‌రే గదిలో పనిచేశాను. అన్నేళ్ళలో నేను తీసిన ప్లేట్లలో అన్నిటికంటే చక్కగా వచ్చినది ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. పుర్రె అంచు కత్తితో గీసినట్టుంటుంది. మెడలోని రక్తనాళం పొడుగునా రంగుమందు తెల్లటి తీగలా నిలబడి ఉంటుంది. మసక లేదు, వణుకు లేదు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. కానీ ఆ ప్లేటు చెప్పింది అబద్ధం. దాన్ని అలాగే నమ్మి ఉంటే ఒక మనిషి చచ్చిపోయేవాడు.

ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న మీ చేతికి మంచి మిషన్లు వచ్చాయి. దెబ్బ తగిలినవాణ్ణి లోపలికి జరిపితే మెడలో, మెదడులో ఏ నాళం ఎటు పోతున్నదో మిషనే గీసి చూపిస్తుందని విన్నాను. సంతోషం. మా కాలంలో అదే పని ఒక సూదితో, ఒక సిరంజితో, ఒక చెక్క చట్రంతో ముగ్గురు మనుషులు చేసేవారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. నా తప్పు గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగించుకొని చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

అప్పటికి రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు వెళ్ళిపోయి ఎంతో కాలం కాలేదు. ఆఫీసులు నడిచిన డేరాలు ఎత్తేసిన మైదానాల్లో మేకులు పాతిన గుంతలు ఇంకా కనిపించేవి. ఊళ్ళో కొందరు దాతలు కలిసి పెట్టిన చిన్న ఆసుపత్రిలో నాకు ఉద్యోగం. ఆ ఆసుపత్రి తర్వాత మూతపడింది, పేరు రాసి లాభం లేదు. నలభై మంచాలు, ఒక ఆపరేషను గది, ఒక ఎక్స్‌రే మిషను. మిషను పాతదే అయినా మంచిది. దాన్ని రోజూ నేనే తుడిచేవాణ్ణి. ఇంకొకరు ముట్టుకుంటే సహించేవాణ్ణి కాదు.

మాది మైదుకూరు పక్కన ఒక పాత పాలెగాళ్ళ ఇల్లు. నాకు ఊహ తెలిసేనాటికి పాలెమూ లేదు, గుర్రాలూ లేవు. వాకిలికి రెండు పెద్ద టేకు తలుపులు, తుప్పు పట్టిన రెండు కత్తులు, మా నాన్న కూర్చునే తీరు, ఇవి మాత్రం మిగిలాయి. ఆయన వీపు దేనికైనా ఆనించి కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఇల్లు వేలానికి పోయింది. దూలాలు ఒకరు, రాళ్ళు ఒకరు, తలుపులు ఒకరు కొనుక్కుపోయారు. నేను మద్రాసు వెళ్ళి ఎక్స్‌రే పని నేర్చుకుని వస్తే, మా నాన్న నన్ను ఎగాదిగా చూసి, "మనోళ్ళు ఎముకలు విరిచినారు గానీ, ఫోటోలు తీయలేదు" అన్నాడు. నా ఉద్యోగం గురించి ఆయన అన్న మాట అదొక్కటే.

ఆయన వీపు నాకు కూడా వచ్చింది. ఆస్తి రాలేదు కాబట్టి దాన్నే జాగ్రత్తగా కాపాడుకున్నాను. ఎవరినీ ఏదీ అడిగేవాణ్ణి కాదు. పనిలో తప్పు పట్టే అవకాశం ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. ఒక్క ప్లేటు కూడా పాడుచేయనివాడని నాకు పేరు. ఆ పేరును నేను వినీ విననట్టు ఉండేవాణ్ణి గానీ, ఎవరైనా అనకపోతే వెలితిగా ఉండేది.

ఆసుపత్రి వెనక గోడకు అవతల ఒక సందు, సందు దాటితే వేరుశనగ మిల్లు. బుడ్డలు కొట్టి పప్పు తీసే మిల్లు. మాకూ మిల్లుకూ ఒకటే కరెంటు తీగ. మిల్లు మోటారు మీద బరువు పడినప్పుడల్లా నా మిషను ముందు కరెంటు బలం చూపే బిళ్ళలో ముల్లు కిందికి జారేది. ముల్లు జారితే కిరణానికి బలం చాలదు, ప్లేటు వెలవెలబోతుంది. విరిగిన చెయ్యికో కాలికో ఐతే ఇంకోసారి తీసుకోవచ్చు. మళ్ళీ తీయడానికి వీల్లేని ఫోటోలు ఉన్నప్పుడు మాకొక పద్ధతి ఉండేది. మా చీకటిగది అటెండరు ముందుగా మిల్లుకు వెళ్ళి చెబితే, వాళ్ళు కాసేపు మోటారు ఆపేవాళ్ళు. నేను చేరకముందు నుంచీ ఉన్న మర్యాద అది.

ఆ అటెండరు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి. నవాబుల కాలంలో వాళ్ళ పెద్దలు ఏనుగుల సాలలో పనిచేశారట.

"మీ తాతలు ఏనుగెక్కినోళ్ళు, మా తాతలు ఏనుగుకు మేత ఏసినోళ్ళు. ఇప్పుడు ఇద్దరమూ ఈ చీకట్లో ఫోటోలు కడుగుతాండాం సాబ్" అని నవ్వేవాడు. ఈ మాట ఇంకెవరన్నా అని ఉంటే నేను మాట్లాడటం మానేసేవాణ్ణి.

ఒకరోజు ఆయన మిల్లుకు వెళ్ళివచ్చి, "మిల్లు సెట్టి మోటారు ఆపినాడు సాబ్" అన్నాడు. కాస్త తటపటాయించి, "ఆపి, ఒక మాట అన్నాడు. 'మీ సారు ఒక్కసారన్నా ఇట్లా రాడేమప్పా, ఆయన తలుపులు ఈడనే ఉండాయి, వచ్చి చూసి పొమ్మను' అన్నాడు" అని చెప్పాడు.

ఆ మిల్లు యజమానిది మా మైదుకూరే. మా ఇంటి వాకిలి తలుపులు వేలంలో కొన్నది ఆయనే. వాటిని మిల్లు ఆఫీసు గదికి పెట్టించాడని నాకు తెలుసు. తెలుసు కాబట్టే నేను ఆ సందులో నడిచేవాణ్ణి కాదు. ఇంటికి పోవాలంటే చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

"ఇక మీదట మిల్లుకు పోవద్దు భాయ్" అన్నాను.

"మరి ముల్లు?"

"ముల్లును నేను చూసుకుంటాను."

చూసుకున్నాను కూడా. మిల్లు చప్పుడు గోడ అవతల నుంచి ఎప్పుడూ వినిపిస్తూనే ఉండేది. తొట్టిలోకి బస్తా గుమ్మరించినప్పుడు మోటారు గొంతు బరువెక్కుతుంది. ఆ బస్తా అయిపోయి ఇంకో బస్తా పడేలోపు కొంచెం తేలికవుతుంది. ఆ కాస్త వ్యవధిలో ముల్లు పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడు బటను నొక్కడం నేర్చుకున్నాను. ఏడాదిపాటు ఒక్క ప్లేటు కూడా పాడు కాలేదు. మిల్లుతో పని లేకుండానే పని చేస్తున్నానని లోలోపల మురిసిపోయాను. నైపుణ్యం అంటే ఇదే అనుకున్నాను.

ఆ మధ్యనే మాకొక కొత్త సర్జను వచ్చాడు. మద్రాసులో మెదడు ఆపరేషన్ల దగ్గర పనిచేసి వచ్చినవాడు. మెడ పక్కన కొట్టుకునే పెద్ద నాళంలోకి నేరుగా సూది దించి, రంగుమందు ఎక్కించి, అది మెదడులోకి పాకుతుండగా వరసగా మూడు ఫోటోలు తీయించేవాడు. రోగి తల కింద పెట్టడానికి ఒక చెక్క చట్రం వడ్రంగితో చేయించాడు. అందులో మూడు ప్లేట్లు ఒకదాని కింద ఒకటి. ఒక ఫోటో తీయగానే భాయ్ పై ప్లేటును సర్రున లాగేవాడు, నేను రెండోది తీసేవాణ్ణి. అంతా కలిపి ఆరేడు సెకన్ల పని.

మొదటిరోజే సర్జను నాకు ఒక్క నియమం చెప్పాడు. "మందు చాలావరకు లోపలికి పోయాక నేను 'ఇప్పుడు' అంటాను. ఆ మాట అనేదాకా మీ వేలు కదలకూడదు. ముందు తీస్తే మందు మెడలోనే ఉంటుంది, దారి మూసుకుపోయినట్టు కనిపిస్తుంది."

"అర్థమైంది" అన్నాను. ఎండాకాలంలో, మిల్లు మూసి ఉన్న రోజుల్లో, అలాంటివి నాలుగు తీశాము. నాలుగూ బాగా వచ్చాయి.

తర్వాత బుడ్డల సీజను వచ్చింది. సందంతా బండ్లు. మిల్లు పొద్దున మొదలుపెడితే పొద్దు మునిగేదాకా ఆగేది కాదు. అప్పుడొచ్చాడు ఆ మనిషి.

ఎమ్మిగనూరు అవతల ఒక పల్లె నుంచి, బుడ్డల లారీలో బస్తాల మీద పడుకోబెట్టి తెచ్చారు. ముప్పై ఏళ్ళ రైతు. వెంట అతని భార్య, అన్న. మనిషికి స్పృహ అంతంతమాత్రం. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు, వెంటనే మూస్తున్నాడు. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. మెడ ఎడమ పక్కన చెవి కింద నుంచి గొంతు దాకా తాడు ఒరుసుకుపోయిన వాత నల్లగా కమిలి ఉంది.

జరిగింది భార్య చెప్పింది. "బాయి కాడ ఎద్దులతో కపిల తోల్తాండె సామీ. నీళ్ళ బాన పైకి వస్తాంటే మోకు తెగె. తెగిన మోకు మెడకు కొట్టె, ఎగిరి పోయి రాళ్ళ మీద పడె. పడినోడు లేచి కూర్చొనె, నాకేం కాలేదు అనె. మూడు దినాలు బాగనే ఉండె. మొన్న తలనొప్పి అన్యాడు. నిన్న తెల్లారి చెంబు ఎత్తబోతే చెయ్యి లేయల్యా. మాట పడిపాయె."

"దిష్టేమోనని తాయెత్తు కట్టిస్తిమి" అన్నాడు అన్న.

"అది ఉండనీ" అన్నాడు సర్జను. తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. రెండే జరిగి ఉండొచ్చు. తాడు దెబ్బకు మెడలోని నాళం లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోయి ఉండొచ్చు. అలాగైతే ఆ రోజుల్లో మా చేతిలో ఏమీ లేదు. లేదంటే రాళ్ళ మీద పడినప్పుడు పుర్రె కింద రక్తం ఊరి, మెదడును నొక్కుతూ ఉండొచ్చు. అలాగైతే పుర్రెకు రంధ్రం వేసి ఆ రక్తం తీసేస్తే బతుకుతాడు. ఏదో తెలియకుండా తల తెరిస్తే, ఉన్న ప్రాణం కూడా పోవచ్చు.

"ఫోటో చెప్పాలి" అన్నాడు. "కరెంటు ఎట్లా ఉంది?"

"నేను చూసుకుంటాను" అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ భాయ్, "సాబ్, ఒక్క అడుగు మిల్లుకు పోయి రానా?" అన్నాడు.

"అవసరం లేదు" అన్నాను.

రోగిని బల్ల మీద పడుకోబెట్టాం. మెడ దగ్గర మత్తు ఇచ్చి సర్జను సూది దించాడు. ఎర్రటి రక్తం చిమ్మింది, సూది నాళంలో పడిందని గుర్తు. భాయ్ చట్రం పక్కన వంగి కూర్చున్నాడు. నేను మిషను ముందు నిటారుగా నిలబడి, ఒక కన్ను ముల్లు మీద, ఒక చెవి గోడ మీద పెట్టాను. ముల్లు పైన ఉంది. సర్జను సిరంజి నొక్కడం మొదలుపెట్టాడు.

అప్పుడే గోడ అవతల బస్తా గుమ్మరించిన చప్పుడు. మోటారు గొంతు బరువెక్కింది. ముల్లు వణికింది. ఇంకో క్షణం ఆగితే కిందికి జారుతుంది, ప్లేటు పోతుంది. నా వేలు ఏడాదిగా నేర్చుకున్న పని చేసేసింది. నొక్కాను. మిషను టప్పుమంది. రెండు సెకన్ల తర్వాత సర్జను "ఇప్పుడు" అన్నాడు. మిల్లు హోరులో ఏది ముందో పోల్చుకోవడం కష్టం. సిరంజి మీద దృష్టి ఉన్న మనిషికి తేడా తెలియదు. భాయ్ ప్లేటు లాగాడు. రెండోది, మూడోది తీసేటప్పుడు ముల్లు అడుగున పడి ఉంది.

చీకటిగదిలో ఎర్ర దీపం కింద భాయ్ ప్లేట్లు కడుగుతున్నాడు. రెండోదీ మూడోదీ పలచటి గంజిలా తేలిపోయాయి. మొదటిది మాత్రం అద్భుతంగా వచ్చింది. రంగుమందు దవడ కిందిదాకా తీగలా వచ్చి ఆగిపోయింది. ఆ పైన ఏమీ లేదు.

భాయ్ నా వైపు చూడకుండా, "సాబ్, ఒక మాట" అన్నాడు. "డాక్టరు సాబ్ మాట రాకముందే మిషను టప్ అన్నింది."

"నువ్వు పొరబడ్డావు భాయ్."

ఆయన ప్లేటు అంచున జారుతున్న నీళ్ళను గుడ్డతో అద్ది నా చేతికిచ్చాడు. ఆయనతో పనిచేసిన అన్నేళ్ళలో నేను ఆయనకు చెప్పిన అబద్ధం అదొక్కటే.

సర్జను తడి ప్లేటును కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. "మంచి ఫోటో" అన్నాడు మెల్లగా. "నాళం మూసుకుపోయింది. మెడ మీద దెబ్బ చూసి నేను అనుకున్నదే." మిగతా రెండు ప్లేట్ల సంగతి అడిగితే, కరెంటు పడిపోయిందని చెప్పాను. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

ఆయన వరండాలోకి వెళ్ళి వాళ్ళకు చెప్పాడు. మెత్తగానే చెప్పాడు. తల తెరిచినా ప్రయోజనం ఉండదని, ఉంచుకుంటామంటే ఉంచుతామని, ఇంటికి తీసుకుపోతామన్నా అడ్డు చెప్పబోమని. అన్న తల వంచుకొని లారీ ఎప్పుడు తిరిగి పోతుందో కనుక్కోవడానికి లేచాడు. సర్జను లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె కదలలేదు. నేను అటుగా పోతుంటే నా దారికి అడ్డం నిలబడింది. ఏడవడం లేదు. అదే కష్టంగా ఉంది.

"ఫోటో తీసింది నువ్వే కదా సామీ?"

"నేనే."

"నువ్వు చూసినావు కదా. డాక్టరు చెప్పినట్లే ఉండాదా దాంట్లో?"

అవునంటే సరిపోయేది. ప్లేటులో అలాగే ఉంది. కానీ ఆమె అడిగింది నా కళ్ళతో చూసింది చెప్పమని. నేను చూసింది ప్లేటు ఒక్కటే కాదు. వణుకుతున్న ముల్లును చూశాను, నా వేలిని చూశాను.

"లారీ ఎక్కించొద్దు. ఇక్కడే ఉండండి, వస్తాను" అన్నాను.

సర్జను చేతులు కడుక్కుంటున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చెప్పాను. "మొదటి ఫోటో మీరు 'ఇప్పుడు' అనకముందే తీశాను. ముల్లు జారుతోందని తీశాను. అప్పటికి మందు సగం కూడా పోయి ఉండదు. నాళం మూసుకుపోయిందో లేదో ఆ ప్లేటును బట్టి చెప్పలేము."

ఆయన కుళాయి కట్టేశాడు. కొంతసేపు తుండుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

"వాళ్ళు ఇంటికి పోయిన తర్వాత ఇది గుర్తొచ్చి ఉంటే?" అన్నాడు.

తుండును మేకుకు తగిలించి నా వైపు తిరిగాడు.

"రంగుమందు ఇంకొక్కసారికి ఉంది. అదే మెడలో మళ్ళీ సూది గుచ్చాలి. గుచ్చడం వల్లే చెడు జరగొచ్చు. కరెంటు గోడలాగా నిలబడుతుందంటే చేస్తాను. లేకపోతే చేయను. నిలబెట్టగలరా?"

"నిలబెడతాను."

బయట భాయ్ అప్పటికే చెప్పులు వేసుకుని ఉన్నాడు. "నేను పోతా సాబ్."

"వద్దు. పోవాల్సింది నేను" అన్నాను.

పరుగెత్తలేదని రాయాలని ఉంది. పరుగెత్తాను. సందు నిండా బండ్లు, విప్పని ఎద్దులు, బస్తాలు. ఒక బండివాడు, "ఏమప్పా, నిప్పంటుకున్యాదా?" అని అరిచాడు. మిల్లు ఆఫీసు గది కనిపించింది. దానికి మా తలుపులు. మా నాన్న మాటల్లో ఆ తలుపుల్లోంచి అంబారీ కట్టిన ఏనుగు దూరేది. నిజానికి గుర్రం ఒకటి దూరేదేమో. మిల్లు గది ఎత్తు చాలక కింద జానెడు కోసేశారు. ద్వారబంధం నా నుదుటి ఎత్తున ఉంది. తల వంచకపోతే తగులుతుంది. వంచి లోపలికి పోయాను.

సెట్టి గద్దె మీద నుంచి లేచాడు. "ఏం దొరా, ఎప్పుడూ లేంది" అన్నాడు. దొర అనే మాట ఆ పూట నాకు ఎగతాళిగా వినిపించలేదు. వినడానికి తీరిక లేదు.

"మిల్లు ఆపాలి. అరగంట. ఒక మనిషికి మెడ ఫోటో తీయాలి. మోటారు తిరుగుతుంటే ఫోటో తప్పు చెబుతుంది." ఊపిరి తీసుకుని, "దయచేసి" అన్నాను. నా గొంతులో ఆ మాట నాకే కొత్తగా ఉంది.

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "రేయ్, ఆపండ్రా. నేను చెప్పేదాంకా ఎవుడన్నా స్విచ్చి ముట్టుకుంటే చూడు" అన్నాడు.

"సెట్టీ, మా బండ్లు నిలబడి ఉండాయి" అని బయటి నుంచి ఎవరో గొణిగారు.

"ఎద్దులను ఇప్పుకో పో. అవి గూడ కాసేపు నీడకు పడుకోనీ."

మోటారు చప్పుడు మెల్లగా దిగి ఆగిపోయింది. ఆ సందులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"ఏడాది నుంచి మీ సాయిబు రాకపాయె" అన్నాడు సెట్టి. "కొత్త మిషను తెచ్చినారేమో, మాతో పని తీరిందేమో అనుకొంటిమి."

ఆగకుండా పోవాల్సింది. కానీ అడిగాను. "మీరు తలుపుల గురించి ఏదో అన్నారట."

"అంటి. లోపల ఒక గడియ ఉండాది దొరా. పడిందంటే మళ్ళా రాదు. మా గుమాస్తా ఒకసారి లోపల పడి, పొద్దు మునిగేదాంకా అరిచినాడు. అది ఎట్ల తీయాల్నో మీకు తెల్సి ఉంటాది, ఒకసారి వచ్చి చూసి పొమ్మంటి." తర్వాత నన్ను తోసినట్టు చెయ్యి గాలిలో ఊపి, "పొండి, పొండి. ఆడ మనిషి ఉండాడు. గడియ యాడికీ పోదు" అన్నాడు.

ఏడాది. ఒక గడియ కోసం పంపిన కబురును పట్టుకొని ఏడాదిపాటు మిల్లు ఆపమని అడగలేదు.

రెండోసారి సూది దిగింది. గదిలో చప్పుడు లేదు. ముల్లు గోడకు కొట్టిన మేకులాగా నిలబడింది. సర్జను సిరంజి నొక్కుతున్నాడు. నా వేలు బటను మీద ఉంది. ఆ రెండు సెకన్లు ఎంత పొడుగో నాకు తెలుసు. "ఇప్పుడు" అన్నాడు. నొక్కాను. భాయ్ లాగాడు. నొక్కాను. లాగాడు. నొక్కాను.

చీకటిగదిలో ముగ్గురం ఒకే తొట్టి మీద వంగి చూశాం. రంగుమందు దవడ దాటింది, పుర్రెలోకి ఎక్కింది, కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుంది. మెడలో దారి తెరిచే ఉంది. అయితే ఆ కొమ్మలు పుర్రె అంచుదాకా పోవాల్సినవి పోలేదు. అంచుకూ వాటికీ మధ్య రెండు వేళ్ళ వెడల్పున ఖాళీ, కంచె పక్కన దున్నకుండా వదిలిన పట్టెలాగా. అక్కడ రక్తం నిలిచి మెదడును లోపలికి తోస్తోంది.

"అదిగో" అన్నాడు సర్జను. ఆపరేషను గది వైపు వెళ్ళిపోయాడు.

పుర్రెకు రెండు రంధ్రాలు వేశారు. నల్లటి పాత రక్తం బయటికి వచ్చిందట. నేను లోపలికి పోలేదు, నా పని అక్కడ కాదు. వరండాలో ఆమెకు కొంచెం దూరంలో నిలబడ్డాను. కూర్చోమని భాయ్ బల్ల చూపించాడు, కూర్చోలేదు. సాయంత్రం సర్జను బయటికి వచ్చి, కుడి చేతి వేళ్ళు కదిలాయని చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం మనిషి కళ్ళు తెరిచి, ముద్దముద్దగా, "ఎద్దులకు నీళ్ళు పెట్టినారా?" అని అడిగాడు. ఆమె అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం నేను సందులోంచి నడిచి మిల్లుకు వెళ్ళి, గడియ తీసే విధం సెట్టికి చూపించాను. తలుపు లోపలి వైపు ఇత్తడి బొడిపెల వరసలో కింది నుంచి మూడోది నొక్కి ఎడమకు తిప్పాలి. నా చిన్నప్పుడు మా నాయనమ్మ చూపించింది. నా వేళ్ళకు ఇంకా గుర్తుంది. సెట్టి నాలుగుసార్లు తానే తిప్పి చూసి, "ఇంతేనా? గొడ్డలి తెప్పిద్దామంటిమే" అన్నాడు. తెప్పించనందుకు నేను కృతజ్ఞత చెప్పాను. అలవాటవుతున్నట్టుంది.

తర్వాత మాకొక ఏర్పాటు కుదిరింది. ముఖ్యమైన ఫోటో ఉన్నప్పుడు ఆసుపత్రి మిద్దె మీద ఎర్ర గుడ్డ కట్టేవాళ్ళం, అది కనిపిస్తే మిల్లు ఆగేది, గుడ్డ దించితే మళ్ళీ మొదలయ్యేది. దాన్ని కట్టే పని భాయ్ చేస్తానన్నా నేనే చేసేవాణ్ణి. ఆ మిద్దె మెట్లు చాలా ఇరుకు, వంగి ఎక్కాలి.

మీకు చెప్పదలచింది పెద్దదేమీ కాదు. మసకగా వచ్చిన ప్లేటు ఎవర్నీ మోసం చేయదు, మసకగా ఉందని అందరికీ కనిపిస్తుంది. చక్కగా వచ్చినదాన్ని ఇంకోసారి చూడండి. దాన్ని ఎప్పుడు, ఎలా తీశారో మీకొక్కరికే తెలుస్తుంది. డాక్టరు అడగడు. ఆయనకు అడగాలని కూడా తెలియదు.

రెండు నెలల తర్వాత ఆ రైతు, భార్య వచ్చారు. నడిచే వచ్చాడు. కుడి కాలు కొంచెం ఈడుస్తున్నాడు. తువాలులో కాసిని వేయించిన బుడ్డలు మూటకట్టి తెచ్చారు. భాయ్ అప్పుడే విప్పి తినడం మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు నన్ను ఈడ నిలబెట్టి యాడికి పరిగెత్తితివి సామీ?" అని ఆమె అడిగింది. "నువ్వు గూడ తప్పించుకొని పోతివి అనుకొంటి."

అప్పుడు ఆమెకు చెప్పాను. మొదటి ఫోటో నేను ముందే తీశానని, అందుకే అది తప్పు చెప్పిందని, అందువల్లే డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడని. సర్జనుకు చెప్పినదానికంటే ఇది చెప్పడం కష్టమైంది.

ఆమె కాసేపు నన్ను చూసింది. "మళ్ళా తీసినావు కదా" అంది. అంతే.

అతను ఫోటోలు చూస్తానన్నాడు. ఇచ్చాను. అన్నిటిలోకి మొదటి ప్లేటే అతనికి నచ్చింది. కిటికీ వెలుగుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"శానా బాగుండాది కదప్పా. నేను ఇంత సక్కగ ఉంటానా?"

"లోపలన్నా బాగుండావు పో" అంది భార్య.

భాయ్ నోట్లో బుడ్డలతో నవ్వలేక దగ్గాడు. నేను కూడా నవ్వాను.

"ఇది నాకియ్యప్పా, ఇంట్లో గోడకు పెట్టుకుంటా" అన్నాడు అతను.

రెండోసారి తీసినవాటిలో ఒకటి అతని చేతికిచ్చి, మొదటిది వెనక్కి తీసుకున్నాను.

"నీ ఫోటో అది" అన్నాను. "ఇది నాది."